ఆయ్ అన్న పాపానికి

కిందటి వారం లక్ష్మీతులసిని మస్కట్ విమానాశ్రయంలో ఒక డెస్కు ముందు నిలబెట్టి వచ్చేశాం. అంతర్వేది పల్లిపాలెంలో నావ నడిపే సత్తిరాజు కూతురు, ఇంటర్ రెండో ఏడు చదువుతున్న పిల్ల, జూనియర్ పడవ పందేల కోసం మొదటిసారి దేశం దాటింది. ఇద్దరు తెడ్డు వేసే పడవలో తులసి, విజయవాడ అమ్మాయి నాగశ్రీ కలిసి మూడో స్థానంలో వచ్చి కాంస్య పతకం గెలిచారు. తిరుగు ప్రయాణానికి సంచులు సర్దుకున్న రోజే ఎక్కడో ఆఫ్రికాలో ఏనాటి నుంచో నిద్రపోతున్న కొండ ఒకటి లేచి బూడిద కక్కింది. విమానాలన్నీ ఆగిపోయాయి. ఎదురుచూడగా చూడగా ఒక్క విమానం బయల్దేరుతుందన్నారు. అందులో జట్టులో సగం మందికే చోటు. ఎల్లుండి పొద్దున్న హైదరాబాదులో జాతీయ శిబిరానికి ఎంపిక పోటీ ఉంది కాబట్టి ఆ పోటీలో ఉన్న పిల్లలు కోచ్ దుర్గారావు సార్‌తో ముందు వెళ్ళాలని, మిగిలినవాళ్ళు మేనేజరు సీతారత్నం మేడమ్‌తో తర్వాత రావాలని అనుకున్నారు. తులసి పేరు మొదటి సగంలోనే ఉంది. కానీ డెస్కు ఆయన గబగబా ఇంగ్లీషులో ఏదో చెబుతుంటే తులసి మర్యాదగా "ఆయ్... ఆయ్..." అంది. ఆయన సంతోషంగా నవ్వి, థాంక్యూ చెప్పి, ఆమె చేతిలోని బోర్డింగ్ పాసు తీసుకుని రెండుగా చింపేశాడు.

అది చూసి కూడా తులసి "ఆయ్" అనే అంది. ఏదో కొత్త పాసు ఇస్తారు కాబోలనుకుంది.

విషయం ఏమిటో చెప్పింది నాగశ్రీ. వెనక వరసలోంచి వచ్చి, ఆ చిరిగిన ముక్కల వంక చూసి, డెస్కు ఆయనతో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడి, తిరిగి వచ్చేసరికి ఆ పిల్ల మొహం ఎర్రగా కందిపోయి ఉంది. అత్యవసరంగా వెళ్ళాల్సిన మనిషి ఒకరున్నారు, సీటు ఇవ్వడానికి నీకు ఇష్టమేనా అని ఆయన అడిగాడట. ఇంగ్లీషులో 'నేను' అనాలన్నా 'ఐ' అనే కదా. ఈ పిల్ల ఒక్కసారి కాదు, మూడు సార్లు "నేను, నేను, నేనిస్తాను" అన్నట్టు వినపడిందాయనకి. ఇంత మంచి పిల్లని ఈ మధ్యకాలంలో చూడలేదని మెచ్చుకున్నాడు కూడానట.

జట్టులో పిల్లలు ముందు నోళ్ళు తెరిచారు, తర్వాత ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. తులసికి ఆ నవ్వు కొత్త కాదు. శిక్షణకి వచ్చిన మొదటి రోజు నుంచీ తనని "ఆయ్ పిల్ల" అనే పిలుస్తున్నారు.

గోదావరి వాళ్ళకైతే చెప్పక్కర్లేదు గాని, ఆయ్ అంటే అవును అని కాదు, కాదనీ కాదు. చిత్తం, వింటున్నాను, మీరు చెప్పండి అని. పెద్దవాళ్ళు పిలిస్తే ఆయ్, తిడితే ఆయ్, ఏం చెబుతున్నారో బొత్తిగా అర్థం కాకపోయినా ఆయ్. అవతలివాళ్ళు మాట్లాడుతుంటే రాయిలా నిలబడటం మా వైపు అమర్యాద. ఈ మాట పట్టుకుని బయట ఊళ్ళకి వెళ్ళిన వాళ్ళ పాట్లు ఇన్నీ అన్నీ కావు. తులసి బాబాయి తాతబ్బాయి హైదరాబాదులో ఒక గృహప్రవేశానికి వెళ్ళి, వడ్డించేవాడు గారె పట్టుకుని ఏదడిగినా ఆయ్ అని, విస్తరి నిండిపోతున్నా వద్దనే సందు దొరక్క, ఆయాసపడుతూ ఇంటికి చేరాడు. ఆ కథ చెప్పుకుని పల్లిపాలెంలో ఇప్పటికీ నవ్వుతారు. ఇప్పుడు తులసి కథ దానికి జత.

కానీ నాగశ్రీ నవ్వలేదు.

"నీ సీటు ఒక్కటే పోయిందనుకుంటున్నావా?" అంది. "ఆ పడవలో ఇద్దరం కూర్చుంటాం. వెనక నువ్వు లేకపోతే ముందు కూర్చుని నేనెవరి లెక్కకి తెడ్డు వెయ్యాలి? నువ్వు నోటికొచ్చింది అంటావు, పోయేది నా శిబిరం కూడా."

తులసి తల వంచుకుంది. ఏదైనా అనమంటే మళ్ళీ నోట్లోంచి ఆ మాటే వస్తుందేమోనని పెదవులు బిగించింది. తెడ్డు పట్టుకుంటే ఆ పిల్లకి భయం లేదు. సముద్రం, గోదావరి కలిసే చోట నీళ్ళు ఎటు గుంజుతాయో తండ్రి నావలో కూర్చుని చిన్నప్పుడే నేర్చుకుంది. ఒడ్డెక్కి నలుగురి ముందు నిలబడితేనే గొంతు పెగలదు.

సీతారత్నం మేడమ్‌కి జాలేసింది. ఈ అమ్మాయి ఒప్పుకోలేదని, అది వాళ్ళ వైపు మాట తీరని చెప్పి చూడమని దుర్గారావు సార్‌ని అడిగింది. ఆయన ఫోను జేబులో పెట్టుకుంటూ నిట్టూర్చాడు.

"చింపేసిన పాసు అతుకుతుందా మేడమ్? గొడవ చేస్తే ఉన్న సీట్లు కూడా పోతాయి. నాగశ్రీ వెనక వాణి కూర్చుంటుంది, తనకీ ఇందులో సీటుంది. వాణిని అదనంగా తెచ్చుకున్నది ఇలాంటి అవసరానికే కదా."

వాణి మంచి పిల్లే. ఈ మాట విని ఆ పిల్లే ఇబ్బందిగా బూటు తాడు ముడి విప్పి మళ్ళీ వేసుకుంది. కానీ వాణి, నాగశ్రీ కలిసి పడవెక్కింది ఎప్పుడూ లేదు. ఎంపిక పోటీలో ఎవరికీ రెండో అవకాశం ఇవ్వరు. ఈ ఏడు శిబిరంలో చోటు రాకపోతే వచ్చే ఏడు జూనియర్ల వయసు దాటిపోతుంది. అది తులసికి తెలుసు, నాగశ్రీకీ తెలుసు.

అంతలో సత్తిరాజు దగ్గర నుంచి ఫోను వచ్చింది. ఎక్కడికో దూరంగా వెళ్ళి మాట్లాడింది తులసి. పైన ఎండ కాస్తోందంటున్నావు, మరి విమానాలు ఎందుకు ఆపేరని తండ్రి అడిగాడు. బూడిద కంటికి కనపడదని, విమానం ఇంజను లోపలికి పోతే కరిగి గాజులా అతుక్కుంటుందని సార్ చెప్పిన మాట చెప్పింది.

సత్తిరాజుకి వెంటనే అర్థమైంది. "మన సఖినేటిపల్లిలో జనాన్ని దాటించే పంటు కూడా అంతే కదే. పైకి గోదారి నిమ్మళంగానే ఉంటది. అడుగున సుడి తిరుగుతుంటే పంటు నడిపేవాడికే తెలుస్తది. ఆపేరని తిట్టుకోకూడదు. ఇంతకీ పోటీకి అందుకుంటావా?"

"ఆయ్ నాన్నా" అంది తులసి.

అది అవునో కాదో సత్తిరాజు అడగలేదు. మనవాళ్ళకి కూడా ఒక్కోసారి ఆ మాట చాటున దాక్కోవడం వీలవుతుంది.

ఫోను పెట్టేసి వచ్చేసరికి జట్టు కూర్చున్న చోట ఒకావిడ నిలబడి ఉంది. నలభై అయిదు దాటిన మనిషి. చుడీదారు మీద ఉన్ని కోటు, తలకి కట్టిన స్కార్ఫు, పక్కన తాడుతో కట్టిన దుప్పటి మూట. చేతిలో కొత్త బోర్డింగ్ పాసు. పిల్లలందరినీ ఒక్కొక్కర్నీ చూస్తూ అడుగుతోంది.

"ఇందాక డెస్కు కాడ ఆయ్ అన్నది మీలో ఎవరమ్మా?"

పిల్లలు మళ్ళీ కిసుక్కుమన్నారు. నాలుగు వేళ్ళు ఒకేసారి తులసిని చూపించాయి. ఆవిడ తులసిని కిందనుంచి పైదాకా చూసి, మూట దగ్గరకి జరుపుకుని, పక్క కుర్చీలో కూర్చుంది.

"ఏ ఊరమ్మా మీది?"

"పల్లిపాలెం అండి. అంతర్వేది."

"అదే అనుకున్నాను. మాది మలికిపురం అవతల. జ్ఞానమ్మంటారు." కళ్ళతోనే నవ్వింది. "ఆ మాట చెవిన పడి ఎన్నాళ్ళయిందో. ఇక్కడ ఇళ్ళల్లో పని చేసేవాళ్ళం అన్ని దేశాలవాళ్ళం ఉంటాం గాని, ఆయ్ అనేవాళ్ళు ఒక్కరూ దొరకరు. వెనక నించుని వింటుంటే ప్రాణం లేచొచ్చింది."

తులసి మర్యాదగా చేతులు కట్టుకుంది.

"నీ సీటు నాకిచ్చేరు" అంది జ్ఞానమ్మ. ఆ మాటతో నవ్వులు ఆగిపోయాయి. "ముందు మురిసిపోయాను, ఎవరో పుణ్యాత్మురాలు ఇచ్చిందని. పాసు చేతికొచ్చి నాలుగడుగులు వేశాక మనసు పీకింది. తెలియనోళ్ళు తప్పుగా విన్నారంటే అర్థముంది. మన ఆయ్ నాకు తెలీదా? నువ్వు విన్నానన్నావు, అంతే. ఇస్తానన్లేదు. పరాయోడు తప్పుగా వింటే, నేను కూడా తప్పుగా విన్నట్టు నటించి ఎక్కి కూర్చోవాలా? నేనూ గోదారి నీళ్ళు తాగినదాన్నే. లే, నాతో రా. డెస్కు ఆయనకి అరబ్బీలో నేను చెప్తాను."

చెయ్యి పట్టుకుని లేవదీయబోయింది. అప్పుడు సీతారత్నం మేడమ్ అడిగింది, మరి మీ సంగతి ఏమిటి, అత్యవసరమన్నారట కదా అని.

"నాదేముందండి" అంది జ్ఞానమ్మ, తప్పిపోయిన బస్సు గురించి చెప్పినట్టు. పని చేసే ఇంటివాళ్ళు పాస్‌పోర్టు ఇవ్వక తిప్పితే, మన ఎంబసీ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, చివరికి వెళ్ళిపోవడానికి అనుమతి తెచ్చుకుందట. ఆ అనుమతి ఈ రోజుతో సరి. రేపటికి చెల్లదు. మళ్ళీ మొదటి నుంచి తిరగాలి. ఆ తిరిగేన్నాళ్ళూ ఎక్కడుండాలో ఆవిడకే తెలియదు. ఇదంతా మేడమ్ గుచ్చి గుచ్చి అడిగితే ముక్క ముక్కగా బయటికి వచ్చింది. మాట అయ్యేదాకా ఆవిడ తులసి చెయ్యి మాత్రం వదల్లేదు.

"అనుమతి అంటే మళ్ళీ తెచ్చుకోవచ్చు. వయసు మళ్ళీ తెచ్చుకోలేదు కదా ఈ పిల్ల. ఏదో పోటీ ఉందంటన్నారు. పదమ్మా."

డెస్కు దగ్గరికి అందరూ వెళ్ళారు. జ్ఞానమ్మ అరబ్బీ మాట్లాడుతుంటే పిల్లలు నోరు వెళ్ళబెట్టి చూశారు. మాట ధారగా వస్తోంది, చేతులు తిరుగుతున్నాయి, మధ్య మధ్యలో "ఆయ్" అని ఒక్కో రకంగా పలికి చూపిస్తోంది. తల వంచి ఒకలా, కనుబొమ్మలు ఎత్తి ఒకలా, విసుగ్గా ఒకలా. డెస్కు ఆయన మొదట అయోమయంగా విన్నాడు, తర్వాత ఆయనకీ నవ్వొచ్చింది. తనూ ఒకసారి "ఆయ్" అని పలికి చూసుకున్నాడు. పక్క డెస్కు వాళ్ళకి కూడా చెప్పాడు. అక్కడ వాళ్ళూ పలికి చూశారు. కాసేపు ఆ విమానాశ్రయమంతా మా రాజోలు బస్టాండులా వినిపించింది.

నవ్వు అయ్యాక ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని తులసికి క్షమాపణ చెప్పాడు. తర్వాత నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి మాట్లాడాడు. నాగశ్రీ తెలుగులో చెప్పింది.

"తప్పు ఆయనదేనంట. సీటు ఒకటే. నువ్వు అడిగితే నీకు తిరిగి ఇచ్చేస్తాడు. ఈసారి బాగా ఆలోచించుకుని చెప్పమంటున్నాడు. ఆయ్ అని మాత్రం అనొద్దంట."

జ్ఞానమ్మ తన పాసు తీసి డెస్కు మీద పెట్టేసింది. అతి మామూలుగా, కొట్లో చిల్లర పెట్టినట్టు. అప్పటికే మూట తాడు చేతికి చుట్టుకుని వెనక్కి తిరగడానికి సిద్ధంగా ఉంది.

అందరూ తులసినే చూస్తున్నారు. కానీ ఇప్పుడు తులసి చూస్తున్నది వాళ్ళని కాదు, డెస్కు మీది ఆ పాసుని.

ఇందాకటి నుంచి తనకి బాధ సీటు పోయినందుకేనా? కాదు. సీటు తన చేతుల్లోంచి తనకి తెలియకుండా జారిపోయినందుకు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు అర్థం కాని మొద్దులా మిగిలిపోయినందుకు. ఇంటికెళితే తాతబ్బాయి బాబాయి గారెల కథ పక్కన తన కథా చేరుతుంది, నవ్వుకుంటారు. మరి ఇప్పుడు పాసు తీసుకుని ఎక్కేస్తే? నవ్వు ఉండదు. కానీ ఈవిడ దుప్పటి మూట భుజానికెత్తుకుని బయటి తలుపు వైపు నడిచి వెళ్ళడం వెనక నుంచి చూడాలి.

వరదొచ్చి పంటు ఆపేసే ముందు ఆఖరి ట్రిప్పు వేస్తారు రేవులో. అప్పుడు ముందొచ్చినవాళ్ళు, వెనకొచ్చినవాళ్ళు అనే లెక్క ఉండదు. ఎవరికి అవతల ఒడ్డు అవసరమో వాళ్ళని ఎక్కిస్తారు. పురిటికి వెళ్ళేవాళ్ళు, చావు కబురు విన్నవాళ్ళు, ఇవతల తల దాచుకునే చోటు లేనివాళ్ళు. మిగతావాళ్ళు అడక్కుండానే పక్కకి జరుగుతారు. ఎవరూ దాన్ని త్యాగం అనుకోరు. సత్తిరాజు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి అలా ఎంతమందినో చెయ్యి పట్టి ఎక్కించడం తులసి చూసింది. ఆ రేవు పిల్ల తను.

కానీ పడవ ఇద్దరిదీ. నాగశ్రీ అన్న మాటలో అబద్ధం లేదు.

తులసి ఆ పిల్ల వైపు తిరిగింది.

"నాగశ్రీ, పోతే మనిద్దరికీ పోతది. నువ్వు వద్దంటే నేను ఇవ్వను."

జట్టులో తులసి గొంతు అంత స్పష్టంగా ఎవరూ ఎప్పుడూ వినలేదు. నాగశ్రీ జవాబు చెప్పేలోపు దుర్గారావు సార్ అందుకున్నాడు. నాగశ్రీ సంగతి తను చూసుకుంటానని, వాణి ఉందని ముందే చెప్పాను కదా అని, ఇవ్వదలుచుకుంటే ఇచ్చేయమని, ఇందులో ఆలోచించడానికేం లేదని గబగబా అన్నాడు. నాగశ్రీ ఆయన వైపు ఒక్క క్షణం వింతగా చూసింది. తర్వాత జ్ఞానమ్మ చేతికి చుట్టుకున్న తాడు వైపు చూసింది.

"ఇచ్చెయ్" అంది చివరికి, మొహం తిప్పుకుని. "కానీ ఈసారి మీ ఊరి భాషలో కాదు. ఆయనకి అర్థమయ్యేలా చెప్పు."

తులసి డెస్కు దగ్గరికి ఒక అడుగు వేసింది. జిల్లా పరిషత్ హైస్కూల్లో నేర్చుకున్న ఇంగ్లీషు అంతా మనసులో కూడగట్టుకుంది. పోటీ ముందు పడవ బల్ల మీద కూర్చుని తెడ్డు నీళ్ళలో ముంచే ముందు తీసుకునే ఊపిరి లాంటిది ఒకటి తీసుకుంది.

"సార్. దిస్ సీట్... ఐ గివ్. నో మిస్టేక్."

ఆ పాసు తీసి రెండు చేతులతో జ్ఞానమ్మకి అందించింది.

జ్ఞానమ్మ తీసుకోలేదు. "ఒద్దమ్మా. నువ్వు చిన్నపిల్లవి, ఇంత..."

"ఇందాకటిది పోయిన సీటండి" అంది తులసి. "ఇది నేనిచ్చిన సీటు. తీసుకోకపోతే నలుగురిలో నాకు చిన్నతనం పిన్నిగారూ."

జ్ఞానమ్మ పాసు అందుకుంది. ఆ మాట విలువ తెలిసిన ఊరి మనిషే కదా ఆవిడా. స్కార్ఫు ముడి సరిచేసుకుంటూ కాసేపు అటు తిరిగి నిలబడింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆవిడ గొంతులో వెటకారం తిరిగొచ్చింది.

"మీ నాన్న పేరేంటమ్మా?"

"సత్తిరాజండి."

"దిగ్గానే ముందు మా ఇంటికి వెళ్ళను. పల్లిపాలెం వెళ్ళి ఆయన గడప ముందు నించుని చెప్తాను, మీ అమ్మాయి ఏం చేసిందో. ఇంగ్లీషులో మాట్లాడిందని కూడా చెప్తాను. నమ్ముతాడంటావా?"

నమ్మడండి అంది తులసి. అప్పుడు నవ్వారు జట్టులో పిల్లలు. కానీ ఈ నవ్వు ఇందాకటిది కాదు. వాణి వచ్చి తులసి సంచీ ఎత్తి భుజానికి తగిలించింది. ఇంకో పిల్ల తన దగ్గరున్న బిస్కట్ల పొట్లం చేతిలో పెట్టింది. ఆయ్ పిల్ల అని ఎవరూ అనలేదు. అన్నా తులసి ఏమీ అనుకునేది కాదు.

మొదటి సగం వాళ్ళు తనిఖీ దాటి లోపలికి వెళ్ళిపోయారు. జ్ఞానమ్మ ఆఖరున వెళ్ళింది, మూట తన చేతికివ్వమని అడిగినవాళ్ళెవరికీ ఇవ్వకుండా. నాగశ్రీ మాత్రం వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు. అది ఒక్కటే తులసి గుండెలో ముల్లులా ఉండిపోయింది.

సీతారత్నం మేడమ్, తులసి, మిగిలిన పిల్లలు అద్దాల గోడ పక్కన కుర్చీల్లో సర్దుకున్నారు. బయట మధ్యాహ్నపు ఎండ పల్చటి గంజిలా ఉంది. మేడమ్ ఏమీ ఓదార్చలేదు. టీ తెచ్చి ఇచ్చి, పక్కన కూర్చుని, నేను మీ కోనసీమ ఎప్పుడూ చూడలేదు, ఈసారి తీసుకెళతావా అని అడిగింది. తీసుకెళతానండి అంది తులసి. లోపల ఏడుపు ఉంటుందేమోనని వెతుక్కుంది గాని దొరకలేదు. వెన్ను మాత్రం దానంతటదే నిటారుగా ఉంది. శిబిరం పోయింది, నిజమే. కానీ ఈ వేళ తన నోటి మాట తనదే అయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోనక్కర్లేకుండానే గర్వంగా ఉంది.

చాలాసేపటికి ఆ విమానం కదిలింది. నిలిచిపోయిన విమానాల వరస ముందు నుంచి ఒంటరిగా పరుగెత్తి గాలిలోకి లేచింది. అద్దాల దగ్గర గుంపుగా చేరినవాళ్ళు చప్పట్లు కొట్టారు. తులసి కూడా కొట్టింది. పల్చటి ఆకాశంలో అది చుక్కయ్యేదాకా చూసి ఇటు తిరిగింది.

తనిఖీ తలుపు తెరుచుకుని యూనిఫారంలో ఉన్న ఒకాయన వస్తున్నాడు. ఆయన పక్కన, భుజానికి సంచీతో, నాగశ్రీ.

మేడమ్ టీ కప్పు పక్కన పెట్టి లేచింది. "నువ్వేంటమ్మా ఇక్కడ? విమానం వెళ్ళిపోయింది కదా?"

"నేను ఎక్కలేదు మేడమ్" అంది నాగశ్రీ. వచ్చి తులసి ముందు నిలబడింది. ఏడ్చిన మొహం కాదు. కోపం మింగి మింగి గట్టిపడిన మొహం. "నీ మీద ప్రేమతో ఆగాననుకోకు. గేటు దగ్గర సార్ ఫోనులో ఎవరితోనో మాట్లాడుతుంటే విన్నాను. వాణికి లైను క్లియరైందండి అంటున్నారు. అందులో వాణికేం తెలీదు పాపం."

తులసికి అర్థం కాలేదు.

"ఆ ఫోనులోనే ఇంకో మాటా అన్నారు. డెస్కు ఆయన మొదట అడిగింది నిన్ను కాదు తులసీ. మీ జట్టులో ఒకరిని ఆపాలి, ఎవరిని అడగమంటారు అని సార్‌నే అడిగాడు. సార్ వేలు పెట్టి నిన్ను చూపించారు. నువ్వు కాదనలేవని ఆయనకి తెలుసు. అలా వచ్చిన పడవలో నేను తెడ్డు వెయ్యను. వాణి వెనక్కాదు, ఎవరి వెనకా వెయ్యను."

తులసి మెల్లగా తన సంచీ భుజానికెత్తుకుంది. ఎందుకు చూపించారని అడుగుతుందనుకుంది నాగశ్రీ. తులసి అది అడగలేదు.

"ఎల్లుండి పొద్దున్నకి మనిద్దరం అక్కడుండాలంటే దారేంటి?" అని అడిగింది.

నాగశ్రీ పెదవి విప్పబోయింది. అంతలో ఆ యూనిఫారం ఆయన, నవ్వన్నదే లేని మొహంతో, ఇద్దరి పాస్‌పోర్టులూ ఇమ్మని చెయ్యి చాపాడు.